‘నీదే అనుకో’ అన్న బావగారి గిటార్

ప్రశ్న: మాది ఆమదాలవలస. చర్చి యూత్ కాయిర్‌లో వాయిస్తాను. క్రిస్మస్ ప్రోగ్రాముల కోసం నవంబరులో మా బావ దగ్గర బాస్ గిటార్ తెచ్చుకున్నాను. అక్క భర్త ఆయన. “నీదే అనుకో, వాడుకో” అని ఇచ్చారు. స్ట్రింగ్స్ బాగా పాతవి. నల్లబడ్డాయి, చేత్తో తడిమితే నున్నగా అరిగిపోయినట్టున్నాయి, సౌండ్‌లో మెరుపు లేదు. సెమీ క్రిస్మస్‌కి ముందు రెండు వేల రెండొందలు పెట్టి కొత్త సెట్ వేశాను. బావని అడగలేదు, చూసి సంతోషిస్తారనుకున్నాను. పాతవాటిలో లావు స్ట్రింగ్ ఊడి రాకపోతే కటింగ్ ప్లేయర్‌తో కోసేశాను. మిగతా మూడూ చుట్టి దాచాను. ఇప్పుడు తల వైపు మొదటి మూడు నాలుగు ఫ్రెట్లలో (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) జర్రుమని మోగుతోంది. బావ సంక్రాంతికి వస్తున్నారు. సెట్ డబ్బులు సగమైనా అడగొచ్చా? లేకపోతే నా స్ట్రింగ్స్ నేను తీసుకుని పాతవే వేసి ఇచ్చేయనా? జర్రు పోవాలంటే మెడ లోపలుండే ట్రస్ రాడ్ తిప్పమని యూట్యూబ్‌లో చెబుతున్నారు, తిప్పనా? ఈ సంగతంతా అక్క చేత చెప్పిస్తే మంచిదా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

ముందు ఆ ట్రస్ రాడ్ మీద నుంచి చెయ్యి తీయండి. దాన్ని తిప్పే అలెన్ కీ ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టేయండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం ఒకసారి చదివి, సరే, చిన్న పొరపాటే కదా అనుకున్నాను. రెండోసారి చదివేటప్పుడు ‘నున్నగా’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. అరిగిన స్ట్రింగ్స్ నున్నగా అవ్వవండీ. మామూలు బాస్ స్ట్రింగ్ మీద గుండ్రటి సన్న తీగ చుట్టి ఉంటుంది. ఎంత పాతబడినా గోరుతో గీస్తే దువ్వెన పళ్ల మీద గీసినట్టు చప్పుడొస్తుంది. పాతబడేకొద్దీ ఆ చుట్ల సందుల్లో చెమట, జిడ్డు, తుప్పు చేరి మోత తగ్గుతుంది, ఫ్రెట్ తగిలేచోట అడుగున నొక్కులు పడతాయి. అంతేగాని పైనుంచి కింద దాకా నున్నబడవు. నున్నగా ఉండేవి పుట్టుకతోనే అలా ఉంటాయి. వాటికి గుండ్రటి తీగ బదులు పట్టీలాంటి చదును తీగ చుడతారు. వాటినే ఫ్లాట్‌వౌండ్ అంటారు. మీరు వేసిన గరుకువి రౌండ్‌వౌండ్.

నా అనుమానం తప్పు కావచ్చు. దాచిన మూడూ బయటికి తీసి గోరుతో గీసి చూడండి. గాజు మీద గీసినట్టు జారిపోతే నేను చెప్పిందే నిజం. చివర్లో రంగు దారం చుట్టి ఉంటే అదే రుజువు అనుకోకండి. కొన్ని రౌండ్‌వౌండ్‌లకూ ఆ దారం ఉంటుంది.

ఫ్లాట్‌వౌండ్ అయితే కథ మారిపోతుంది. మీరు చచ్చిపోయాయనుకున్న స్ట్రింగ్స్ మీ బావగారి లెక్కలో అప్పుడప్పుడే పాకాన పడి ఉండొచ్చు. ఆ రకం తీగలు వేసుకునేవాళ్లు వాటిని ఏళ్ల తరబడి మార్చరు. కొత్తలో ఉండే కాస్త మెరుపు కూడా పోయి, ‘దుమ్’ అని గుండ్రంగా, చెక్కలోంచి వచ్చినట్టు పలికేదాకా ఎదురు చూస్తారు. అమెరికాలో 1960లలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌కి, తెగితే తప్ప స్ట్రింగ్ మార్చడని పేరు. ఆయనవీ ఫ్లాట్‌వౌండ్‌లే. పాత చింతకాయ పచ్చడి అని మనం తీసిపారేస్తాం గాని, ఆ పచ్చడి ఉందంటేనే పీట వేసుకునేవాళ్లూ ఉంటారు కదా.

అంటే మీరు మార్చింది స్ట్రింగ్స్ ఒక్కటే కాదు, ఆయన గిటార్ గొంతు కూడా. అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

‘నీదే అనుకో’ అన్నారు కదా అంటారా? మన వైపు ఆ మాట ఎంత ధారాళంగా వాడతామో మీకు తెలియనిది కాదు. చుట్టాలింటికి వెళ్తే ‘మీ ఇల్లే అనుకోండి’ అంటారు. అలా అన్నారు కదా అని గోడలకి రంగు మార్చం, మంచం అటు తిప్పుకుని పడుకుంటాం, అంతే. అరువు తెచ్చిన వాయిద్యం కూడా అంతే. శృతి చేసుకోవచ్చు. వాయించాక తుడిచి పెట్టొచ్చు, తుడవాలి కూడా. బెల్టు మీ ఎత్తుకి సర్దుకుని, ఇచ్చేటప్పుడు మళ్లీ పాత చోటికే తేవచ్చు. స్ట్రింగ్స్, బ్రిడ్జ్ ఎత్తు, నట్ (తల దగ్గర స్ట్రింగ్స్ కూర్చునే గాడుల ముక్క), ట్రస్ రాడ్, పికప్ స్క్రూలు, చివరికి ఒక స్టిక్కర్ అయినా సరే, అడగందే ముట్టుకోకూడదు. అవి ఆయన చేతికి, ఆయన చెవికి కుదుర్చుకున్నవి. ‘బాగు చేశాను’ అని మనకి అనిపించినా అది మన చెవికి బాగు, అంతే.

నా చిన్నప్పుడు విజయనగరంలో మా వీధిలో వీణ నేర్పే ఒక అమ్మగారు ఉండేవారు. బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలోంచి తొలిచింది. పిల్లలు దాని మీద సాధన చేస్తే ఏమీ అనేవారు కాదు. శృతి చేసే బిరడ మీద చెయ్యి పడితే మాత్రం ఊరుకునేవారు కాదు. “శృతి తప్పితే నన్ను పిలవండి, నేను చూసుకుంటాను” అనేవారు. మేం విసుక్కునేవాళ్లం. వీణ మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయనీ, ఎవరో ఒకరు తెలిసీ తెలియక కదిలిస్తే మళ్లీ కుదర్చడానికి ఎంత పని పడుతుందో నాకు చాలా ఏళ్లకి గాని తెలియలేదు.

తెలిశాక కూడా బుద్ధి వచ్చిందా అంటే, అదీ లేదు. తొంభైలలో సిరిమాను పండగ రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో వాయించడానికి ఒక పెద్దాయన దగ్గర బాస్ గిటార్ అడిగి తెచ్చాను. కుర్రతనం, లావు స్ట్రింగ్ వేస్తే మైదానం అదిరిపోతుందనుకున్నాను. వైజాగ్ వెళ్లి ఆయన సెట్ కంటే లావు సెట్ ఒకటి కొన్నాను. అది నట్ గాడిలో దిగలేదు. హ్యాక్సా బ్లేడు ముక్కతో గాడి అరగదీశాను. ప్రోగ్రాం బాగానే జరిగింది. తర్వాత బుద్ధిమంతుడిలా పాత స్ట్రింగ్స్ మళ్లీ వేసి, తుడిచి తీసుకెళ్లి ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. పాత సన్న తీగ ఆ పెద్ద గాడిలో లోతుగా కూర్చుంది. ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితే చాలు, మొదటి ఫ్రెట్‌కి తగిలి గలగలమంది. ఆయన నా ముందే ఒక్కసారి మీటి, నట్ వైపు వంగి చూసి, “ఏటి నాయనా, గాడి ఇంతైపోనాది” అన్నారు. అంతే. ఒక్క మాట తిట్టలేదు. నట్ ఖరీదు ఇస్తానన్నా తీసుకోలేదు. ఆ తర్వాత మళ్లీ అడగడానికి నాకే మొహం చెల్లలేదు.

అందుకే మీ రెండో ప్రశ్నకి, చెప్పకుండా పాతవి వేసి ఇచ్చేయడానికి, నా జవాబు వద్దు అనే. అసలు అది కుదిరే పని కూడా కాదు. లావుది కోసేశారు. మిగతా మూడూ ఒకసారి శృతి చేసే కీ చుట్టూ వంగినవి. పాత స్ట్రింగ్‌ని విప్పి మళ్లీ బిగిస్తే ఆ వంపు దగ్గరే తెగే ప్రమాదం ఎక్కువ. మూడు పాతవీ ఒకటి కొత్తదీ వేశారనుకోండి, ఆయన మొదటి స్వరం మీటగానే దొంగ దొరికిపోతాడు.

కోసిన సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కీ వదులు చేశాకే కోశారని ఆశిస్తాను. బాస్ గిటార్‌లో నాలుగు స్ట్రింగ్స్ కలిసి మెడని లాగే బలం సుమారు 80 కిలోలు, మన వైపు ఒక ధాన్యం బస్తా ఎత్తు. నాలుగో వంతు బస్తాని పట్టుకుని ఉన్న తీగని బిగువులో ఉండగా కోస్తే అది కొరడాలా లేస్తుంది. కళ్లకి ప్రమాదం. తలకాయ మీద కీ తిప్పి మెత్తబడేదాకా వదులు చేస్తే లావు స్ట్రింగ్ అయినా చేత్తోనే వస్తుంది. దాని కొస కీ గుంజ నడిమి రంధ్రంలోకి దిగి ఉంటుంది, దాన్ని పైకి లాగాలి. మీకు ఊడి రానిది అదే అయ్యుంటుంది.

ఆ బస్తా లెక్కే మీ జర్రుకి కూడా కారణం కావచ్చు. గిటార్ మెడని స్ట్రింగ్స్ ముందుకి లాగుతుంటాయి, లోపలున్న ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీ వెనక్కి పడుతుంటుంది. ఇద్దరూ సమంగా లాగితే మెడ రవ్వంత లోపలికి వంగి నిలుస్తుంది. స్ట్రింగ్ ఊగడానికి ఆ రవ్వంత ఖాళీ కావాలి. ఫ్లాట్‌వౌండ్‌లు చాలావరకు బిగువుగా లాగే రకం. వాటికి తగ్గట్టు మీ బావగారు రాడ్ బిగించుకుని ఉంటారు. మీరు వేసినవి మెత్తగా లాగితే ఇప్పుడు రాడ్‌దే పైచేయి. మెడ తిన్నగా అయిపోయి, మొదటి ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్స్ తగులుతున్నాయి. చూడాలంటే లావు స్ట్రింగ్‌ని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ మీద విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉందో లేదో ఇంకొకరిని చూడమనండి. సందే లేకపోతే కారణం దొరికినట్టే. ఆ ముక్క బావగారికి చెప్పండి. రాడ్ ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో ఆయన చూసుకుంటారు. యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు తప్పు చెబుతున్నారని కాదు. వాళ్లు తిప్పేది వాళ్ల సొంత గిటార్. మీ ముందున్నది అల్లుడిగారి గిటార్.

ఇంకో చిన్న అవకాశం కూడా ఉంది. కొత్త స్ట్రింగ్‌ని మరీ పొట్టిగా కత్తిరించి, గుంజ చుట్టూ ఒక్క చుట్టే వచ్చేలా బిగించి ఉంటే, నట్ మీద అది గట్టిగా ఒరగదు. అప్పుడు ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటినప్పుడు కూడా జర్రు వస్తుంది. రెండు మూడు చుట్లు, పైనుంచి కిందికి దిగుతూ ఉండాలి. మళ్లీ ఎప్పుడైనా వేస్తే, గుంజ దాటి నాలుగైదు అంగుళాలు వదిలి, ముందు వంచి, ఆ తర్వాతే కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే లోపలి తీగ మీద పై చుట్టు జారి స్ట్రింగ్ మూగబోతుంది. ఫ్లాట్‌వౌండ్‌కి ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఇక డబ్బులు. అడక్కండి. సగం కాదు కదా, పావలా కూడా అడక్కండి. రెండు నెలలు ఆయన ఫ్రెట్ల మీద వాయించారు, అందులో కొన్ని వారాలు గరుకు స్ట్రింగ్స్‌తో. ఫ్రెట్లని ఎక్కువ అరగదీసేవి అవే. ఊళ్లో ఏ ఆర్కెస్ట్రా వాళ్లనైనా రెండు నెలల అద్దె ఎంతో అడిగి చూడండి, మీ రెండు వేల రెండొందలు తేలికగా అనిపిస్తాయి. ఆయన అడిగి వేయించుకుంటే ఆ ఖర్చు ఆయనది. మీకు కావాలని మీరు వేసుకున్నారు కాబట్టి మీది. ‘నా స్ట్రింగ్స్ నేను తీసుకుంటాను’ అన్న ఆలోచన కూడా మానేయండి. అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ బల్బులు విప్పుకుపోయే మనిషిని మనం ఏమంటామో తెలుసు కదా. పైగా స్ట్రింగ్స్ లేకుండా ఇచ్చిన గిటార్ మెడ మీద రాడ్ ఒక్కటే లాగుతూ ఉంటుంది. రోజుల తరబడి అలా ఉంచడం మంచిది కాదు.

అక్క చేత చెప్పించనా అని అడిగారు. మీ ఉత్తరంలో నాకు నచ్చని ప్రశ్న ఇదొక్కటే. ఆవిడ చెబితే పని సులువే. బావమరిది మీద కోపం అక్క ముందు చూపించలేక ఆయన నవ్వేసి ఊరుకుంటారు. కానీ ఆ కోపం ఎక్కడికీ పోదు, ఆ ఇంట్లోనే ఏదో ఒక రోజు అక్క మీదికి తిరుగుతుంది. గిటార్ అడిగింది మీరు, ఆయన ఇచ్చింది మీకు. ఫోన్ కూడా మీరే చేయాలి, అదీ పండక్కి ముందే. భోగి పొద్దున్న మంట చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఉండగా ఆయన బ్యాగ్ జిప్ తీసి చూడడం, అత్తవారింట్లో అల్లుడిగా మొహం మామూలుగా పెట్టుకోవాల్సి రావడం, ఇది ఆయనకి మీరు పెట్టకూడని పరీక్ష.

ఏం మాట్లాడాలో తడబడేలా ఉంటే ఇలా మొదలుపెట్టండి: “బావా, మీకు చెప్పకుండా ఒక పని చేశాను. మీ స్ట్రింగ్స్ తీసేసి కొత్తవి వేశాను. పాతవి పాడైపోయాయనుకున్నాను. అవి ఫ్లాట్‌వౌండ్‌లని ఇప్పుడు తెలిసింది. లావుది కోసేశాను కూడా. మీకు ఏ సెట్ కావాలో చెప్పండి, పండక్కి తెప్పిస్తాను.” కోసిన సంగతి మొదటే చెప్పేయండి. తర్వాత బయటపడే చిన్న విషయమే ఎక్కువ బాధపెడుతుంది. ‘మీరు సంతోషిస్తారనుకున్నాను’ అన్న వాక్యం మాత్రం మింగేయండి. నిజమే అయినా, అది వింటే కోప్పడే హక్కు కూడా లేకుండా చేశారనిపిస్తుంది. ఇంకోటి, కొత్త సౌండ్ ఎలా ఉందో ఫోన్‌లో వినిపించబోకండి. బాస్ లావు స్ట్రింగ్ అసలు స్వరం సుమారు 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. ఆయనకి వినిపించేది గరగర ఒక్కటే.

ఆయన ఏమంటారో చెప్పలేను. ‘పోనీలే, ఎలాగూ మార్చాలనుకుంటున్నాను’ అంటే మీ అదృష్టం, కొత్తవి అలాగే వదిలేయండి. ‘ఆ రకమే కావాలి’ అంటే బ్రాండ్, మందం అడిగి రాసుకోండి. మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు, ఉదాహరణకి 45 నుంచి 105 సెట్ అని. సొంతంగా ఊహించి ఆర్డర్ పెట్టకండి. ఫ్లాట్‌వౌండ్ సెట్ మీరు కొన్నదాని కంటే ఖరీదే ఉంటుంది, సిద్ధపడండి. తెప్పించి ఊరుకోండి, వేయడం ఆయన చేతికే వదలండి. అప్పుడు విప్పిన మీ కొత్త సెట్‌ని ఆయనే ‘నువ్వు ఉంచుకో’ అంటే నిరభ్యంతరంగా తీసుకోండి. పండక్కి సెట్ రాకపోయినా కంగారు లేదు, ఆర్డర్ పెట్టినట్టు చూపిస్తే చాలు. ‘ఏం వద్దులే’ అని ముక్తసరిగా అంటే మాత్రం అది వద్దు అని కాదు. అప్పుడు అక్కని అడగొచ్చు, ఏ సెట్ వాడతారో కనుక్కోవడానికి మాత్రమే.

ఇది చదివే ఇతర కుర్రాళ్ల కోసం ఒక మాట. అరువు గిటార్ మీద నిజంగానే జిడ్డు పట్టిన రౌండ్‌వౌండ్‌లు ఉండి, ప్రోగ్రాం రెండు రోజుల్లో ఉంటే, వాటిని విప్పి పది నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ వేసే పాత చిట్కా ఒకటుంది. కొన్నాళ్లపాటు మెరుపు తిరిగి వస్తుంది. దానికి కూడా సొంతదారుని అడగాల్సిందే. విప్పాలి కదా మరి.

ఇచ్చేటప్పుడు ఇంకో రెండు పనులున్నాయి. కాయిర్ కోసం అర స్వరం దించి ఉంటే మామూలు శృతికి తెచ్చి ఇవ్వండి. ఆ గిటార్ వెనక బ్యాటరీ గది ఉందేమో చూడండి. ఉంటే అందులో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది, రిహార్సల్ అయ్యాక మీరు ఎన్ని రాత్రులు కేబుల్ తీయకుండా వదిలేశారో మీకే తెలియాలి. కొత్తది కొనండి, కానీ వేయకండి. బ్యాగ్ జేబులో పెట్టి చెప్పండి.